విషమన్న తేనె

నా చిన్నప్పుడు పెనుబల్లిలో మా దాదీ, అంటే మా నాన్నగారి అమ్మ, పొద్దున్నే వాడలోని ఆడపిల్లలకు ఖురాన్ నేర్పేది. ఒక్కోసారి ఒక్క మాట దగ్గరే ఆగిపోయేది. ఒక రోజు అలా ఆగిన మాట ‘తబయ్యనూ’. కబురు వినగానే నమ్మకండి, ముందు తేల్చుకోండి, లేకపోతే తెలియక ఎవరికో కీడు చేసి తరువాత పశ్చాత్తాపపడతారు అనే వాక్యంలోది. అరబ్బీలో ‘బైన్’ అంటే నడుమ ఉన్న ఎడం అట, ఈ మాటకూ మూలం అదేనట. విన్నదానికీ జరిగినదానికీ మధ్య ఎడం కనబడేదాకా నోరు తెరవొద్దని దాదీ చెబుతోంది.

అంతలో వీధిలో గోల. అడవి నుంచి తేనె తెచ్చి అమ్మే కోయ ఆమెను జుట్టు పట్టి నిలబెట్టారు. ఎదురింటి పిల్లకు వాంతులట, తేనెలో విషం కలిపిందట. ఆమె తెచ్చిన రెండు తేనె కుండల్లో ఒకటి అప్పటికే పగిలిపోయింది.

దాదీ గబగబా వెళ్ళి, జుట్టు పట్టుకున్నవాణ్ణి అడిగింది. “నువ్వు చూసినవా?”

“నేను చూడలే. కిరాణా ఆయన చెప్పిండు.”

కిరాణా ఆయన తల తిప్పుకున్నాడు. “అందరు అంటున్నరు గదమ్మా.”

దాదీ ఎదురింట్లోకి పోయి పిల్ల తల్లిని బయటికి తీసుకొచ్చింది. ఆమె బిత్తరపోయింది. “తేనె ఏంది? మేం కొననే లేదు. నిన్నటి చేపల కూర తిని కక్కుకుంటున్నది.”

జుట్టు పట్టిన చేతులు వదిలాయి. క్షమించమని ఒక్కరూ అనలేదు. అంతకన్నా రోత ఏమిటంటే, పగలని రెండో కుండ కిరాణా కొట్టులో ఉంది. విషమని చెప్పిన కిరాణా ఆయనే అక్కడ వేళ్ళు నాకుతున్నాడు. దాదీ ఆ కుండ లాక్కొచ్చి ఆమె చేతికిచ్చింది. ఆమె ఎవరివైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటికి వస్తూ అడిగాను. “పశ్చాత్తాపపడతారని ఉంది గదా దాదీ, వీళ్ళు పడలేదేంది?”

“పడేటోళ్ళ కోసమే పైవాడు చెప్పిండు బిడ్డా,” అంది దాదీ.

తరువాత నేను కాలేజీలో చరిత్ర చెప్పాను. పరిశోధన చేసే పిల్లలు ‘అంటారు’ అని రాసిన ప్రతిచోటా, ఎవరంటారు, ఎవరు చూశారు అని అడిగాను. మొన్న మా బంధువుల వాట్సాప్ గ్రూపులో, పిల్లల్ని ఎత్తుకుపోతుందంటూ ఒక బిచ్చగత్తెను కట్టేసి కొడుతున్న వీడియో వచ్చింది. కింద నవ్వు బొమ్మలు. ఎవరు చూశారని అడిగాను. చదివారు, బదులివ్వలేదు.

మళ్ళీ అదే రోత. ఇన్నేళ్ళయినా పోలేదు, పోకూడదు కూడా. అది ఉన్నన్నాళ్ళూ అడుగుతూనే ఉంటాను.