మంచి కాలు ఏది?

నా చిన్నప్పుడు మా నాన్న మెట్లెక్కుతుంటే ఇంట్లో అందరం వేరే వైపు చూసేవాళ్లం. చూస్తే ఆయన సిగ్గుపడేవారు. షికాగో పక్కన నేపర్‌విల్‌లో మంచి పేరున్న డాక్టరు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో అమెరికా సైన్యంలో డాక్టరుగా పనిచేశారు. అక్కడ ట్రక్కు దిగుతూ పడి కుడి మోకాలు దెబ్బతింది. దాని మీద బరువు పడకుండా ఏళ్ల తరబడి నడవడంతో ఎడమ మోకాలూ పాడైంది.

అలాంటి దెబ్బలకు మాజీ సైనికులకు ప్రభుత్వం దెబ్బ తీవ్రతను బట్టి శాతాల లెక్కన భృతి ఇస్తుంది. ఆ కేసులు చూసే లాయరు ఆంటీ ఒకరు మా తెలుగు చర్చికి వచ్చేవారు. అమ్మ పోరు పడలేక నాన్న ఒక ఆదివారం ఆవిడను భోజనానికి పిలిచారు. పిలిచారు గానీ, ఆవిడ ముఖం చూసి మాట్లాడలేకపోయారు.

“రైట్ లెగ్ ఒక్కటే క్లెయిమ్ చేద్దామమ్మా. కాళ్లే పోయినవాళ్లున్నారు. నేను రెండూ అడిగితే ఏం బావుంటుంది?” అన్నారు కంచం వైపు చూస్తూ.

ఆంటీ వాదించలేదు, లెక్క చెప్పారు. “కుడి కాలికి ముప్పై శాతం, ఎడమకి ఇరవై ఇచ్చారనుకోండి. కలిపితే యాభై అవదు అన్నయ్యా. నూటిలో ముప్పై పోగా మిగిలిన డెబ్బైలో ఇరవై శాతం తీస్తారు. అంటే పద్నాలుగు. మొత్తం నలభై నాలుగు. రెండు కాళ్లూ దెబ్బతిన్నాయి కాబట్టి అందులో పదోవంతు పైన కలుపుతారు. నలభై ఎనిమిది దాటుతుంది. దగ్గరి పదికి రౌండ్ చేస్తే యాభై.”

“ఆ పదోవంతు ఎందుకు ఆంటీ?” అన్నాను.

ఆవిడ నాన్న వైపు తిరిగారు. “ఒక్కసారి లేచి, మీ మంచి కాలి మీద నిలబడండి అన్నయ్యా.”

నాన్న నవ్వుతూనే లేచారు. కుడి కాలు ఎత్తారు. ఎడమ మోకాలు వణికింది. కాలు మార్చారు. కుడిది అసలు నిలవలేదు. తూలి నా భుజం పట్టుకున్నారు. ఆ బరువు నేనెప్పుడూ ఎరగను. తలెత్తితే ఆయన ముఖం కందిపోయి ఉంది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

“ఒక కాలు బాగుంటే దాని మీద ఆనుకోవచ్చు. మీకు ఆ వీలు లేదు,” అన్నారు ఆంటీ మెల్లగా. “ఆ పదోవంతు అందుకే.”

“రెండూ రాయండి,” అన్నారు నాన్న, కిటికీలోంచి బయటికి చూస్తూ.

ఆంటీ అనుకున్నట్టే యాభై శాతం వచ్చింది. ఆ సంగతి నాన్న చర్చిలో ఎవరికీ చెప్పలేదు, మమ్మల్నీ చెప్పనివ్వలేదు.

ఆయన సిగ్గు నాకూ వచ్చింది. ఈ వయసులో డాక్టరు ఎక్కడ నొప్పి అని అడిగితే, ఏమీ లేదనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు నా భుజం మీద పడ్డ ఆ చెయ్యి గుర్తొస్తుంది. చెవులు వేడెక్కుతాయి. అయినా చెబుతాను.