తమ్ముడి పిడికిలి

మా చిన్నప్పుడు ఇసుర్రాయిలో జొన్నలు పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేవాళ్లు... మక్తల్ దగ్గరి మా ఊళ్లో, మా ఇంట్లో, అది మా అవ్వ పెట్టిన కట్టుబాటు. ఆ పిడికెడు దేవుని గూటి కింది కుండలోకి పోయేది. కుండ నిండితే అంగడిలో అమ్మేవాళ్లు. అట్లా ఒక ఏడు రాగి బిందె వచ్చింది... ఇంకో ఏడు మేకపిల్ల వచ్చింది.

తర్వాత రెండేళ్లు వానలు లేవు. మేక పోయింది, బిందె పోయింది. బాపు, అంటే మా నాన్న, కాలువ తవ్వే పనికి దూరం వెళ్లాడు. నెలలు గడిచినా జాడ లేదు. ఇంట్లో అవ్వ, అమ్మ, నేను, మూడేళ్ల తమ్ముడు.

అయినా అమ్మ పిడికెడు తీయడం మానలేదు. ముందు అవ్వ తీసేది, ఆమెది పెద్ద చెయ్యి. గింజలు తగ్గాక అమ్మ తీసింది. ఇంకా తగ్గాక నన్ను తీయమంది. చివరికి తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకొని వాడితో తీయించింది. ఆ గుప్పిట్లో ఎన్ని గింజలు పడతాయి...

ఒకరోజు ఇంట్లో గింజలు పూర్తిగా అయిపోయాయి. ఇక ఆ కుండే దిక్కు. అమ్మ దేవునికి మొక్కి, కుండ బయటికి తీసింది. సోలెడు జొన్నలు చేటలో పోసింది. పక్కన చిన్న మట్టి గురిగి పెట్టి... తమ్ముణ్ని పిలిచింది!

అవ్వకు మండింది. "ఏందే పిచ్చిదానా! కుండలకెల్లి తీసి గురిగిల పోస్తె గింజలు పెరుగుతయా? పోరని కడుపు మాడుతాంది, ఎవలికి దాస్తున్నవ్?"

"రేపటికి, అత్తా."

"రేపు మనముంటె గద!"

అంతలో తమ్ముడు గుప్పెట్లోని పచ్చి గింజలు గబుక్కున నోట్లో వేసుకున్నాడు. అమ్మ కొట్టలేదు. "ఇంకో పిడికెడు తియ్యి, నాయినా" అన్నది, అంతే. అవ్వ గోడవైపు తిరిగి కూర్చుంది.

పదకొండు రోజులు ఆ కుండే మమ్మల్ని బతికించింది. పన్నెండో రోజు కుండ ఖాళీ. అమ్మ గురిగి వంచింది... సోలెడు కూడా లేవు. నీళ్లెక్కువ పోసి అంబలి కాచింది.

"నాకియ్యాల ఒక్కపొద్దు" అన్నది అవ్వ.

ఏ దేవునికని అమ్మ అడగలేదు.

మర్నాడు పొద్దున బాపు వచ్చాడు. కాళ్లు వాచి ఉన్నాయి. భుజాన చిన్న జొన్నల మూట, వారానికి కూడా చాలదు. అమ్మ చేటలో పోసి తమ్ముణ్ని పిలవబోయింది.

"జరుగుర పోరడా!" అవ్వ లేవలేక లేచి వచ్చింది. "ఇయ్యాల నా చెయ్యి పడాలె."

ఆ పెద్ద చేతి నిండా తీసి గురిగిలో పోసింది. బాపు తల తిప్పుకొని కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

ఇప్పుడు నెల సరుకులు సంచుల్లో ఇంటికే వస్తున్నాయి. కుక్కర్లో బియ్యం పోసే ముందు నా చెయ్యి మాత్రం ఇప్పటికీ ఆగుతుంది... ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తాను. "ఎందుకత్తమ్మా?" అంటుంది కోడలు. ఆకలి తెలియని ఇల్లు ఇది... నవ్వి డబ్బా మూత పెడతాను.

మీ ఇంట్లో ఆ పిడికెడు ఎవరి చెయ్యి తీసేది?