విరుపులక్క

తీగల ఫ్యాక్టరీలో ఆమెను అసలు పేరుతో పిలిచినవాళ్లు లేరు. పంతొమ్మిదేళ్లుగా టెస్టింగ్ గదిలో తీగలు విరవడమే పని కాబట్టి అందరికీ ఆమె విరుపులక్క. "ఇంట్లో బావగారి చేతులు జాగ్రత్తక్కా!" అని ఏడిపించేవాళ్లు. ఆమె నవ్వేసి, ప్రతి చుట్ట నుంచీ మూరెడు ముక్క కోసి, మిషనుకు బిగించి మెలితిప్పేది. మంచి తీగ పాతిక మెలికలు తిరిగి, కత్తితో కోసినట్టు అడ్డంగా, నున్నగా విరిగేది.

కొత్త మేనేజరు వచ్చాక డైలనే అచ్చుల సన్నటి కంతల్లోంచి తీగ లాగే వేగం పెంచారు. చల్లార్చే నీళ్లు ఆ వేగానికి చాలలేదు. చుట్టలు చెయ్యి కాలేంత వేడిగా దిగేవి. ఆ వేడికి ఉక్కు పెళుసెక్కింది. మూడో మెలికకే తీగ వెదురుబద్దలా పొడవునా చీలింది.

ఆ ముక్కలు తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టింది.

"లాగుడు పరీక్షలో ఎలా ఉంది?" అన్నాడతను.

"నిలువుగా లాగితే ఇదివరకటి కంటే గట్టిగానే ఉంది సార్. మోసమంతా అక్కడే ఉంది. ఈ తీగతో పేనే క్రేన్ తాడు చక్రం మీద వంగాలి, మెలితిరగాలి. అప్పుడు చీలుతుంది."

"కొనేవాళ్లు అడిగింది లాగుడు పరీక్షే కదమ్మా. లేనిపోనివి నెత్తినేసుకోకు."

మర్నాడు మెలితిప్పే మిషనును రిపేరుకని పట్టుకుపోయారు. అది మళ్లీ రాలేదు. భర్త చూపు మందగించి వెల్డింగ్ మానేసి రెండేళ్లయింది; ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆమె లాగుడు రిపోర్టుల మీద సంతకాలు పెడుతూ పోయింది.

పదకొండు నెలలకు ఒక కట్టడం దగ్గర క్రేన్ తాడు తెగి, దూలం పడి ఇద్దరు ఫిట్టర్లు పోయారు. తాడు ఈ ఫ్యాక్టరీ తీగతో పేనిందే. విచారణకు వచ్చిన ఆఫీసరుకు ఆమె మెలికల లెక్కలు రాసుకున్న తన నోటుపుస్తకం ఇచ్చింది.

"తెగిన కొసలు చూడండి సార్, నిలువునా చీలి ఉంటాయి."

"తాడును తుక్కు కింద కరిగించేశారమ్మా. ఈ పుస్తకానికి కంపెనీ ముద్ర లేదు. ఈ రిపోర్టు మీద సంతకం మాత్రం మీదేనా?"

"నాదే."

"తీగ బాగుందనేగా రాశారు?"



బరువు ఎక్కువ ఎత్తాడని తప్పంతా క్రేన్ డ్రైవరు మీదికి నెట్టారు. అతన్ని జైల్లో పెట్టారు. ఒక ఆదివారం అతని భార్య విరుపులక్క ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, మీరు నిజం చెబితే మా ఆయన బయటపడతాడంట."

"చెప్పానమ్మా."

"మరి?"

"రిపోర్టు మీద సంతకమూ నాదేనమ్మా." డ్రైవరు భార్య గుమ్మంలోంచే వెళ్లిపోయింది. మరుసటి వారం విరుపులక్కను ప్యాకింగుకు మార్చారు. ఇప్పుడామె తీగ చుట్టలకు లేబుళ్లు కడుతోంది.