ఆదోని రిజిస్ట్రారాఫీసులో దొరికిన మా జేజి

...అది మాత్రం నేను ఒప్పుకోను. ఫోన్ చేతిలో ఉంటే చాలు, ఏడు తరాల చరిత్ర అరగంటలో తీసేస్తానని నిన్న భోజనాల దగ్గర మా అమ్మాయి అన్నప్పటి నుంచీ నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఫోన్ మీద నాకేం పగలేదు. అరవై దాటినా అది నా చేతిలోంచి దిగదని ఇంట్లో అందరూ సాధిస్తూనే ఉంటారు. కానీ పాత కాగితాల్లో మన మనిషిని వెతుక్కోవడమంటే ఏమిటో మన వయసువాళ్లకు వేరే చెప్పాలా?

ఎనభైల మొదట్లో మాట. హైదరాబాదులో పుట్టి పెరిగినదాన్ని, ఇరవై రెండేళ్లు, ముక్కు మీద కోపం. నాన్నను కన్న మా జేజి ఎమ్మిగనూరులో ఉండేది. ఆ వేసవిలో ఆమెకు జబ్బుచేస్తే తోడుగా వెళ్లాను. కాస్త తేరుకున్నాక, ఒకనాడు ఆమె తన మనసులో యాభై ఏళ్లుగా నానుతున్న సంగతి చెప్పింది. పెద్దకడుబూరులో ఆమె తండ్రి చనిపోయినప్పుడు జేజి బాలింతరాలు, వెళ్లలేకపోయింది. ఆ తర్వాత ఆమె అన్న వచ్చి, నాయన వీలునామా రాశాడనీ, అందులో నీ మాటే లేదనీ చెప్పి వెళ్లాడట. ఆ అన్నా పోయి చాలాకాలమైంది. ఇన్నేళ్లకు ఆమెకు కావలసింది ఆస్తి కాదు, తండ్రి పోయేముందు తనను తలుచుకున్నాడా లేదా అన్నది ఒక్కటే.

"పట్నంలో సదువుకున్నదానివి, ఆదోని ఆఫీసులో వీలునామాలు ఎక్కించిన పుస్తకం యాడుందో సూసి రామ్మా. లేదంటే లేదని సెప్పు, నేనేమీ ఏడ్సనులే," అంది. అంటూనే ఏడ్చింది.

ఆదోని రిజిస్ట్రారాఫీసు అరుగు మీద వాలుబల్లలు ముందేసుకుని దస్తావేజులు రాసేవాళ్లు వరసగా కూర్చునేవారు. వాళ్లలో మా తాత వయసున్న ఒకాయన నా చేత దరఖాస్తు పెట్టించాడు. పాత పుస్తకాలు, ఆదోని బళ్లారి జిల్లాలో ఉన్నప్పటివి, దుమ్ము దులిపి వెతకడానికి రెండు రోజులు పడుతుందన్నారు. ఆ రెండు రోజులూ గుమాస్తాను ఎన్నిసార్లు విసిగించానో, ఎంత నోరు పారేసుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. మూడోనాడు నకలు చేతికొచ్చింది.

అరుగు మీద నిలబడే చదివాను. మా ముత్తాత తన తండ్రి పేరు, తాత పేరు, కరువులో వాళ్లు ఒక జత ఎడ్లతో ఆలూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన వైనం, కాలం చేసిన తన భార్య పేరు అన్నీ రాయించాడు. మా ఇంట్లో ఎవరూ నాకు చెప్పని మూడు తరాలు ఒక్క పేజీలో నా ముందు నిలబడ్డాయి. దాని కింద, ఇల్లు కొడుకుకు రాసి, ఇలా ఉంది: నా ఏకైక పుత్రిక ఉరుకుందమ్మ ఎప్పుడు వచ్చిననూ దక్షిణపు గది తాళము ఆమె చేతికి ఇవ్వవలసినది, ఆ గదిలోని ఆమె తల్లి తిరుగలిని ఎవరునూ కదల్చరాదు.

మా జేజి పేరు లక్ష్మమ్మ.

ఈ ఉరుకుందమ్మ ఎవరు? పైగా ఏకైక పుత్రిక! ఎవరిదో కాగితం అంటగట్టారని గుమాస్తా మీద అరిచాను. కాదు, ఊరూ పేర్లూ అన్నీ మావేనని తేలాక, వేరే కాపురం పెట్టి మా జేజిని మరిచిపోయాడని ఆ ముత్తాతను నోటికొచ్చినట్టు తిట్టాను. దరఖాస్తు పెట్టించిన ముసలాయన కలం పక్కన పెట్టి నవ్వాడు.

"సాలు నిలుపమ్మా, సచ్చిన మనిషిని ఎన్ని తిడతావు? మీ జేజికి అత్త పేరేమి?"

నాన్న తన జేజిని తలుచుకున్నప్పుడల్లా చెప్పే పేరే, కోపంలో అప్పటిదాకా నాకు తట్టలేదు. ఉరుకుందమ్మ.

"ఇంకేమి మల్ల! ఏయ్ ఉరుకుందీ, పేడెత్తు అని కోడల్ని పిలిస్తే అత్తకు తగలదా? పెండ్లినాడే పేరు మార్సింటారు. మా ఇంట్లోనూ అట్లే సేసినారు. నాయన మాత్రం తాను పెట్టిన పేరే గదమ్మా రాస్తాడు?"

సెలవులకు వచ్చినప్పుడల్లా జేజి చేతి ముద్దలు తిన్నదాన్ని, ఆమె పేరు తెలియదు నాకు. బస్సులో ఎమ్మిగనూరు చేరేదాకా కిటికీలోంచి ఏం చూశానో గుర్తులేదు.

గుమ్మంలో నిలబడి ఆ పేరుతో పిలిచాను. మంచం మీద అటు తిరిగి పడుకున్న జేజి లేచి కూర్చుంది.

"ఎవురే నన్ను పిలిసింది?"

మూడుసార్లు చదివించుకుంది. పేరెక్కడుందో చూపించమని, చదువు రాని ఆ వేలు దాని మీద ఆనించి చాలాసేపు అలాగే ఉంచింది. ఆ గదిలో ఇప్పుడెవరున్నారో చూసి అడిగి వస్తానని నేను లేచాను.

"కూసో తల్లీ. మా అన్నకు పిల్లోళ్లెక్కువ, గది కావల్సొచ్చిందేమో. నాయన రాసినాడు గదా, నాకది సాలు."

ఆ పేరును ఒక్క అక్షరం పోకుండా చేత్తో ఎత్తిరాసిన పాతకాలపు గుమాస్తాకూ, నా నోటిని భరించిన గుమాస్తాకూ, ఆ ముసలాయనకూ నేను ఒక్క దండం కూడా పెట్టలేదు. ఈ రాత ఆ దండమే అనుకోండి. ఇప్పుడు కోడళ్ల పేర్లు ఎవరూ మార్చరు, మంచిదే. కానీ కాగితం చదవకముందే మీ జేజి అత్త పేరేమని అడగగలిగిన మనుషులు ఆ అరుగుల మీద లేరు.

నాలుగేళ్ల తర్వాత జేజి పోయింది. పెద్దకర్మ పత్రికలో నేను ఉరుకుందమ్మ అని మాత్రమే అచ్చు వేయించాను. మెట్టినింటివాళ్లు పెట్టిన పేరు తీసేసి పరువు తీశానని మా చిన్నాన్న పోయేదాకా నాతో మాట్లాడలేదు. అరవై ఏళ్లు అందరూ పిలిచిన పేరును కాదని, తండ్రి ఒక్కడే రాసిన పేరుతో ఆమెను సాగనంపడం తప్పంటారా? ఏదీ, అనండి చూద్దాం?