తెల్ల స్పీకర్లలో శోభ గొంతు

ఇబ్రహీంపట్నంలో శోభ ముఖం తెలిసినవాళ్లు కొద్దిమందే. గొంతు మాత్రం అందరికీ తెలుసు. బస్సులో ఆమె టికెట్ అడిగితే ముందు సీట్ల ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు. ఎక్కడో విన్నామే అనుకుంటారు, ఎక్కడో గుర్తుకు రాదు. ఉల్లిగడ్డల ఆటో, చీరల ఆటో, ఆదివారం పొద్దున్నే వచ్చే చేపల ఆటో. వాటి నెత్తిన కట్టిన గరాటు మైకులోంచి పిలిచేది శోభే.

ఒకప్పుడు ఆమె నాట్లకు పోయేది. ఈ గట్టు మీద నిలబడి పిలిస్తే ఆ గట్టు మీద ఉన్నవాళ్లు నడుము ఎత్తి చూసేవాళ్లు. ఒకసారి ఊళ్లో కళ్ల పరీక్షల శిబిరం పెట్టారు. మైకులో చెప్పాల్సిన మనిషి రాలేదు. మహిళా సంఘం ఆడవాళ్లు నవ్వుతూ శోభను ముందుకు తోశారు. ఆ సాయంత్రమే ఉల్లిగడ్డలమ్మే ఒకాయన ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. నా ఆటోకు కూడా చెప్పమ్మా అన్నాడు. ఆ పని ఆమెను పొలంలోంచి ఇంటి వెనక గదిలోకి తెచ్చింది.

ఆ గదికి కిటికీ లేదు. గోడలకు పాత బొంతలు వేలాడుతుంటాయి. ఒక మైకు, ఒక కంప్యూటరు, వాటి పక్కన ఒక డబ్బా స్పీకరు. ఎవరో విప్పి పడేసిన ఆటోలోది అది. ముందు జాలీ ఊడిపోయింది. ఏది పెట్టినా రేకు డబ్బాలో గులకరాళ్లు వేసి ఊపినట్టు మోగేది. చెప్పింది రికార్డు చేసి, ఆ డబ్బాలో విని, బాగోలేని చోట మళ్లీ చెప్పేది. ఇన్నేళ్లూ పని అలాగే సాగింది.

కూతురు శివాని బొంగులూరులో ప్లాట్లమ్మే వెంచరు ఆఫీసులో కొత్తగా చేరింది. మొదటి జీతం వచ్చిన రోజు చంకలో ఒక అట్టపెట్టెతో ఇంటికొచ్చింది. లోపల బల్ల మీద పెట్టుకునే చిన్న స్పీకర్లు రెండు. తెల్లటివి. మూలలు గుండ్రంగా ఉన్నాయి, ముందు బూడిదరంగు గుడ్డ. ఆంప్లిఫయరు లోపలే ఉంది, వేరే పెట్టె అక్కర్లేదు. కరెంటు తగిలిస్తే ఒక చిన్న నీలి దీపం వెలుగుతుంది.

"గా డబ్బాను ఇగ అవతల పడెయ్ అమ్మా. ఎవరన్న చూస్తే పాత సామాన్ల దుకాణం అనుకుంటరు."

"నా గదిని ఎవరు చూస్తరే?"

"నేను చూస్తున్న కదా."

శోభ వాటిని బజారులో వంకాయలు చూసినట్టు చూసింది. ముందు ఏమీ పెట్టకుండా చెవి ఆనించింది. బుస లేదు. సౌండు బాగా తగ్గించి విన్నది. మాట విడివిడిగానే ఉంది. పూర్తిగా పెంచింది. గుడ్డ వణికింది గాని శబ్దం పగల్లేదు. బల్ల ఇరుకు కాబట్టి రెండింటినీ గోడకు ఆనించి పెట్టింది. చేపల ఆటో కోసం కొత్తగా చెప్పిన నాలుగు మాటలు పెట్టి వింది. నిండు బావిలోంచి వచ్చినట్టు వచ్చింది గొంతు. తనదేనా అనిపించింది.

"గిట్లుంటదా నీ గొంతు!" అంది శివాని.

ఆ మాట శోభ లోపల ఎక్కడో తగిలింది. శివాని బడికి పోయే రోజుల్లో చేపల ఆటో వాకిలి ముందు నుంచి పోతే పిల్లలు "చేపలూ" అని శివాని వంక చూసి సాగదీసేవాళ్లు. పిల్ల ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేసుకునేది. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు. శోభ ఎప్పుడూ అడగలేదు. ఇన్నాళ్లకు ఆ పిల్ల నోటి నుంచి ఆ గొంతు బాగుందనే మాట. శోభ పాత డబ్బాను మంచం కిందకు తోసేసింది.

ఆ తర్వాత చేపల ఆటో అంజిలయ్యకు, చీరల ఆటోకు కొత్త రికార్డులు చేసింది. ప్రతి మాటా కొత్త స్పీకర్లలో విని దిద్దింది. ఎక్కడైనా గరుకుగా వినిపిస్తే మళ్లీ చెప్పింది. రోజులు గడిచేకొద్దీ గొంతు కాస్త కిందికి దిగింది, మెత్తబడింది. ప్రతి సాయంత్రం శివాని అడిగేది, "ఎట్లున్నయమ్మా స్పీకర్లు?" శోభ అనేది, "మస్తున్నయి బిడ్డా."

ఒక ఆదివారం మధ్యాహ్నం అంజిలయ్య ఆటోను వాకిట్లో ఆపాడు. వెనక తొట్టిలో ఐసు కరిగి నీళ్లయింది. చేపలు అలాగే ఉన్నాయి. చెరువులో వల వేసేది ఆయనే, అమ్మేది ఆయనే.

"ఏమాయె అన్నా, గింత మిగిలినయి?"

"ఏం చెప్పమంటవ్ చెల్లె. గొంతైతే తేనె లెక్కుంది. గానీ నేనేం అమ్ముతున్ననో ఎవ్వలకు సమజ్ అయితలేదు. ఓ సందుల ఒకామె పలిగిన బకీటు పట్టుకొని ఉరికొచ్చింది, పాత సామాన్లు కొనేటోడనుకొని. చేపలమ్మా అంటే ఉల్టా నన్నే తిట్టింది."

"మైకు ఖరాబయిందేమో సూడు."

"మైకు గదే. బండి గదే. నేను గూడ గదే ముసలోన్ని. మారింది నీ గొంతే."

అంజిలయ్య నెత్తికి చుట్టుకున్న తువ్వాలు విప్పి మొహం తుడుచుకున్నాడు.

"మా అల్లుడు ఫోన్ల కంప్యూటర్ ఆడామెతోని చెప్పిస్తనంటున్నడు. రాసిస్తే చదువుతదట, ఆమెకు దగ్గు రాదట, సర్ది కాదట. నేనే వద్దన్న. వచ్చే ఐతారం దాక చూస్త చెల్లె. ఏమనుకోకు."

చీరల ఆటో అతను ఇప్పటికే ఆ కంప్యూటరు ఆమె దగ్గరికి పోయాడు. ఎందుకు పోయాడో శోభకు ఇప్పుడు అర్థమైంది. గొంతు పోయిందనుకుంది. నడుము పోయినట్టు, చూపు తగ్గినట్టు ఇదీ పోతుంది కాబోలు. మిరియాల కషాయం తాగింది. లవంగం బుగ్గన పెట్టుకుంది. చేపల రికార్డు మళ్లీ చేసింది, మళ్లీ చేసింది. తెల్ల స్పీకర్లలో ప్రతిసారీ బ్రహ్మాండంగా వినిపించింది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. తప్పు వినిపిస్తే దిద్దుకోవచ్చు. ఇక్కడ తప్పే వినిపించడం లేదు.

శుక్రవారం పొద్దున వెనక గదిలో కూర్చుని ఉండగా వీధిలోంచి ఉల్లిగడ్డల ఆటో పోయింది. అది మొదటి ఏడాది చెప్పిన రికార్డు. ఆయన ఇప్పటికీ మార్చలేదు. గోడ దాటి, బొంత దాటి ప్రతి మాటా లోపలికి వచ్చి కూర్చుంది. మధ్యలో తను పీల్చిన ఊపిరి కూడా.

శోభ ఆ పాత రికార్డునే కంప్యూటరులో వెతికి తెల్ల స్పీకర్లలో పెట్టింది. వినలేకపోయింది. కీచుగా ఉంది, కయ్యానికి వచ్చినట్టు ఉంది. కిందటి వారమైతే తప్పకుండా చెరిపేసి మళ్లీ చెప్పేది.



లేచి స్పీకర్లను గోడకు జానెడు దూరం జరిపింది. ఆ బావి గుయ్యిమనడం సగం తగ్గింది. ఇంకా తీయగానే ఉంది. గరాటు మైకుకు ఆ నిండుదనం మోసే శక్తి లేదు. అది మోయగలిగింది పైపై గరుకునే, తను ఇన్నాళ్లూ ఏరి పారేస్తున్న ఆ గరుకునే. స్పీకర్లు మంచివే. వాటికి రోడ్డు తెలియదు. తెలిసిన తను వాటి మాట వింది.

మంచం కింద నుంచి పాత డబ్బాను లాగి దుమ్ము దులిపింది. నాట్ల మడిలో గట్టు మీద నిలబడ్డట్టు నిలబడి చెప్పింది. "రవ్వలు, బొచ్చెలు, కొర్రమట్టలు. చెరువు చేపలమ్మా, చెరువు చేపలూ."

శనివారం సాయంత్రం అంజిలయ్యను పిలిచి ఆటోను సందు ఆ చివర ఆపమంది. పక్కింటి గులాబ్ బీ వాకిట్లో చాటలో బియ్యం పోసుకుని కూర్చుంది.

"బీ, జర నాకు సాయం చెయ్. చెవులు పెట్టి వినకు. నీ బియ్యం నువ్వు ఏరుకో."

"వినకుంటే ఇగ సాయమేంది?" అంది గులాబ్ బీ.

"వినేటోళ్లకు అన్ని వినొస్తయి. పనిల ఉన్నోళ్లకు వినొస్తేనే అమ్ముడుపోతయి."

గులాబ్ బీ తల వంచి రాళ్లు ఏరసాగింది. సందు చివర గరాటు కూసింది. ఇంటి ముందు పిల్లలు ఆడుతున్నారు, ఎవరో బోరు మోటరు వేశారు. గులాబ్ బీ చెయ్యి ఆగింది.

"కొర్రమట్టలు ఎంతకిస్తడో అడుగు ఆయన్ను."

శోభ చెయ్యెత్తి చూపింది. అటువైపు నుంచి అంజిలయ్య తువ్వాలు గాల్లో ఊపాడు.

ఇంక మిగిలింది శివానికి చెప్పడం. గొంతు దిద్దుకోవడం కంటే అదే కష్టమనిపించింది. శివాని చెప్పులు విడుస్తూనే ఎప్పటిలాగే అడిగింది, "ఎట్లున్నయమ్మా స్పీకర్లు?"

"మంచియే. ఇంట్ల వినేటందుకు గంత మంచియి నేను చూడలే. నా పనికి మాత్రం పనికిరావు బిడ్డా. నా గొంతును మెత్తగ చేస్తున్నయి. మెత్తటి గొంతు రోడ్డు మీద నడవది."

శివాని బల్ల వైపు చూసింది. తెల్ల స్పీకర్ల మధ్య పాత డబ్బా మళ్లీ వచ్చి కూర్చుంది.

"ఇన్ని దినాలు మస్తున్నయన్నవ్."

"నీకు నచ్చింది గదా గా గొంతు. గందుకే."

శివాని లోపలికి పోయింది. గబగబా అన్నం తిని పడుకుంది.

ఆదివారం వెంచర్లకు సెలవు ఉండదు. ప్లాట్లు చూసే జనం ఆ రోజే వస్తారు. శివాని పొద్దున్నే పోయి పొద్దుగూకే వేళకు వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెప్పడం మొదలుపెట్టింది.

"ఆఫీసు ముందట్లకెల్లి అంజిలయ్య మామ ఆటో పోయింది. అద్దం తలుపు ఏసున్నా ఒక్కొక్క మాట లోపటికి వచ్చింది. మా సారు ఎవలో గిరాకీతోని మాట్లాడుతుండు. ఏం గొంతయ్యా గిది, చెవులు పలుగుతున్నయన్నడు."

"నువ్వేమన్నవ్?"

"మా అమ్మ సార్ అన్న."

శోభ చేతిలో గరిటె అలాగే ఉంది. "ఆయనేమన్నడు?"

"సార్ ఏమన్లే. గా గిరాకీ లేచి పోయి రెండు రవ్వ చేపలు తెచ్చుకున్నడు. ప్లాటు మాత్రం కొనలే."

ఇద్దరూ నవ్వారు. శివాని వెనక గదిలోకి పోయి నీలి దీపం వెలిగించింది. ఉల్లిగడ్డల రికార్డు ఎక్కడుందని అడిగింది. శోభ వచ్చి చూపించింది. తెల్ల స్పీకర్లలోంచి ఆ పాత గొంతు కీచుగా, కయ్యానికి వచ్చినట్టు గదంతా నిండింది.

శివాని మొహం కొద్దిగా ముడుచుకుంది. సౌండు తగ్గించబోయిన చెయ్యి మీట మీదే ఆగింది. చివరి దాకా తగ్గించలేదు.