చంద్రకళ పట్టిన పగ

అంటారియోలోని కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఉన్న తెలుగువాళ్లకి డాక్టర్ అమరేశ్వరరావు గారంటే గౌరవం. పిల్లల జ్వరాల దగ్గర్నుంచి పెద్దల మోకాళ్ల నొప్పుల దాకా అందరికీ ఆయనే. తెలుగు సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. అంతమందిలో చంద్రకళకి మాత్రం ఆయన పేరు వింటే ఒళ్లు మండేది. ఆ మంట ఎలా రాజుకుందో చెప్పాలంటే ముందు ఆమె భర్త జయదేవ్ సంగతి చెప్పాలి.

జయదేవ్‌ది కాకినాడ. కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో మెషీన్లు రిపేర్ చేసేవాడు. ఇంకొకరు డ్రైవ్ చేస్తుంటే పక్క సీట్లో కూర్చోవడం కూడా నామోషీగా అనుకునే రకం. చంద్రకళ ఖమ్మంలో నర్సింగ్ చదివి, హైదరాబాదులో కొన్నాళ్లు పనిచేసి, ఇక్కడికొచ్చాక మళ్లీ పరీక్షలు రాసి ఆసుపత్రిలో నర్సు అయింది. వాళ్లకి పిల్లల్లేరు. ఆదివారం పూట ఇద్దరూ వంటింట్లో ఒకరినొకరు ఆటపట్టించుకుంటూ వండుకుని, కలిసి తినేవాళ్లు.

కోవిడ్ ఇంకా పూర్తిగా పోని రోజుల్లో జయదేవ్‌కి క్యాన్సర్ అని తేలింది. అప్పటికే పొట్టలోంచి లివర్‌కి పాకింది. ఇక వైద్యం లేదన్నాక అతను ఏడవలేదు, దేవుణ్ణి తిట్టలేదు. అమరేశ్వరరావు గారు ఇంటికి చూడ్డానికొచ్చినప్పుడు భార్య ఎదురుగానే సూటిగా అడిగాడు. ఈ దేశంలో వైద్య సాయంతో చనిపోయే హక్కుంది కదా, మెయిడ్ అంటారు కదా, నాకది కావాలి, తెలివి ఉండగానే వెళ్లిపోతాను అన్నాడు. డాక్టరు గారు, నా నమ్మకానికి అది సరిపడదు జయదేవ్, నేను చెయ్యను, కానీ చేసేవాళ్లకి నీ పేరు పంపుతాను అన్నాడు. అంటారియోలో రూలు కూడా అదే. ఇష్టం లేని డాక్టరు తన చేత్తో చెయ్యక్కర్లేదు. చేసేవాళ్ల దగ్గరికి మాత్రం పంపి తీరాలి.

కొన్ని వారాలైనా ఎవరూ పిలవలేదు. జయదేవ్ మళ్లీ అడిగాడు. పంపాను, వాళ్లకి పని ఎక్కువగా ఉన్నట్టుంది అన్నాడు డాక్టరు. మూడోసారీ అదే మాట. కోవిడ్‌లో అన్నీ ఆలస్యమే కదా అని చంద్రకళ నమ్మింది. ఒకరోజు పొద్దున్న జయదేవ్ ఆమెని అమ్మా అని పిలిచాడు. మాట తడబడుతోంది, చూపు నిలవడం లేదు. ఆమె అప్పుడే ఫోనందుకుని మెయిడ్ అభ్యర్థనలు చూసే ఆఫీసుకి చేసింది. అవతలి మనిషి వెతికి వెతికి, ఆ పేరు మాకు ఎవరూ పంపలేదండీ అంది.

మెయిడ్‌కి అర్హతుందో లేదో పరీక్షించే వాళ్లు రెండో రోజుకే పరుగెత్తుకొచ్చారు. అప్పటికి జయదేవ్‌కి తన పేరు కూడా తెలియడం లేదు. పేషెంటు తనంతట తాను, తెలివితో ఒప్పుకోవాలి, భార్య ఒప్పుకుంటే చెల్లదు అని వాళ్లు మెల్లిగా చెప్పారు. చంద్రకళకి ఆ సంగతి తెలుసు. ఆ తర్వాత అతని ప్రాణం పోయేదాకా ఎలా గడిచిందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఎన్నో చావులు చూసిన నర్సు, ఆ గది తలుపు వేసి గరాజ్‌లోకి వెళ్లి నిలబడి చెవులు మూసుకుంది. మళ్లీ వెంటనే లోపలికి పరుగెత్తింది.

సంతాప సభలో అమరేశ్వరరావు గారే మాట్లాడారు. జయదేవ్ చివరి శ్వాసదాకా పోరాడిన వీరుడు, చావాలన్న మాట ఒక్కసారైనా అతని నోట రాలేదు అన్నారు. హాల్లో జనం కళ్లు తుడుచుకున్నారు. ముందు వరసలో కూర్చున్న చంద్రకళ కదల్లేదు. అందరూ భోజనాల దగ్గరికి వెళ్లాక ఆయన్ని ఓ పక్కకి పిలిచింది.

"మీరు పేరు పంపలేదు కదూ డాక్టరు గారూ?"

ఆయన దబాయించలేదు. గొంతు తగ్గించాడు. "ఆ పాపం నీ నెత్తిన పడకుండా చూశానమ్మా. ఎప్పటికైనా నాకు దణ్ణం పెడతావు."

ఆ మాటతోనే ఆమెలో ఏదో గడ్డకట్టింది. నమ్మకం ఉండటం వేరు, అది చాటుగా ఇంకొకడి ఒంటి మీద రుద్దడం వేరు. చెయ్యను అని మొహాన చెప్పి ఉంటే ఆమె అదే రోజు వేరే తలుపు తట్టేది. పంపానని అబద్ధమాడి, ఆ మనిషికి మిగిలిన కాస్త తెలివినీ కరిగించేశాడు. పైగా దణ్ణం పెట్టమంటున్నాడు.

డాక్టర్ల మీద ఫిర్యాదులు చూసే చోట కంప్లెయింట్ ఇచ్చింది. ఆయన ఫ్యాక్స్ మీదికి నెట్టేశాడు. పంపాను, ఎక్కడో పోయి ఉంటుంది అన్నాడు. ఇకముందు జాగ్రత్తగా ఉండమని ఆయనకి చెప్పి వాళ్లు ఫైలు మూసేశారు. ఆ ఉగాదికి సంఘం వేదిక మీద ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పచ్చడి పంచాడు.

చంద్రకళ వార్డు ఉద్యోగం వదిలేసి, మెయిడ్ కోరుకునే వాళ్లకి దారి చూపించే నర్సుల బృందంలో చేరింది. మొగుడు పోయిన దుఃఖాన్ని సేవగా మార్చుకుంది, మహాతల్లి అన్నారు తెలిసినవాళ్లు. ఆమె కాదనలేదు. నిజానికి సేవ సంగతి ఆమె తలుచుకోనైనా లేదు. ఈ ఊళ్లో అమరేశ్వరరావు నొక్కిపెట్టగలిగే మాట ఒక్కటి కూడా మిగలకూడదు, అదే ఆమెకి కావలసింది.

అప్పుడే స్టూడెంట్లు వరదలా వచ్చిపడ్డారు. కేంబ్రిడ్జ్‌లో, పక్క ఊరు గ్వెల్ఫ్‌లో ఏ బేస్‌మెంట్ చూసినా తెలుగు పిల్లలే. పగలు కాలేజీ, సాయంత్రం పార్ట్‌టైమ్. చాలామంది ఆడపిల్లలు వృద్ధుల కేర్ హోముల్లో పనికి కుదిరారు. స్నానం చేయించడం, అన్నం తినిపించడం, పక్క మార్చడం. చంద్రకళ కూడా బేస్‌మెంట్‌ని నలుగురు అమ్మాయిలకి ఇచ్చింది. వాళ్లలో దేవిశ్రీది కరీంనగర్. ఆ అమ్మాయి పనిచేసే హోముకి వారం వారం వచ్చే డాక్టరు అమరేశ్వరరావే.

ఒకరోజు దేవిశ్రీ పప్పు గిన్నె తిరిగివ్వడానికి పైకొచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తన ఫ్లోర్‌లో వీరరాఘవులు గారని ఒక తెలుగాయన ఉన్నాడట. గ్వెల్ఫ్‌లో సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. క్యాన్సర్ ఎముకల్లోకి దిగింది. మెయిడ్‌కి ఎవరినడగాలమ్మా అని తననే అడుగుతున్నాడట. డాక్టరునడిగితే ప్రతి వారం, చూద్దాం లెండి అంటున్నాడట. ఆ మాట ఎత్తితే ఉద్యోగం పోతుంది, స్టడీ పర్మిట్‌కే ఎసరొస్తుంది అని తోటి పిల్లలు భయపెట్టారట.

"నేను ఆ మాట వినిపించుకోనట్టే ఉంటున్న ఆంటీ," అంది దేవిశ్రీ. "ఆయన మొహం చూడలేకపోతున్న."

చంద్రకళ ఆ అమ్మాయిని కూర్చోబెట్టి విషయం చెప్పింది. తర్వాత మిగతా ముగ్గురినీ పిలిచి చెప్పింది. ఆ ఆదివారం వాళ్ల స్నేహితురాళ్లు కూడా వచ్చారు. బేస్‌మెంట్‌లో చాపలు పరుచుకుని కూర్చున్న ఆ పిల్లలకి తేట తెలుగులో చెప్పింది. ఎవరికి ఈ హక్కుంది, ఎవరికి లేదు. ఇద్దరు వేరువేరుగా వచ్చి ఎలా పరీక్షిస్తారు. సూది వేసే క్షణం దాకా కూడా పేషెంటు వద్దనొచ్చు, వద్దంటే అక్కడితో ఆగిపోవాలి.

"మీరై ఆ మాట ఎత్తకండి," అంది. "వాళ్లంతట వాళ్లు అడిగితే మాత్రం మింగెయ్యకండి. డ్యూటీ నర్సుకి చెప్పండి. వాళ్లన్న మాటని అన్నట్టే పేషెంటు చార్టులో రాసిపెట్టమనండి. చార్టులోకెక్కిన మాట ఫ్యాక్స్‌లో పోదు."

ఆదివారం క్లాసు అలవాటైంది. గ్వెల్ఫ్ లైబ్రరీలో, తర్వాత నార్త్ యార్క్‌లో ఒక అపార్ట్‌మెంట్ పార్టీ రూములో కూడా చెప్పమన్నారు. పిల్లలే కాకుండా పెద్దవాళ్లు, ఇంట్లో రోగులున్నవాళ్లు రావడం మొదలుపెట్టారు. అమరేశ్వరరావు గారు సంఘం మీటింగులో, ఆవిడ చావుల దుకాణం తెరిచింది అన్నాడట. ఆ మాట చెవిన పడినప్పుడు చంద్రకళ నవ్వింది. ఆయనకి తగులుతోందన్నమాట.

దేవిశ్రీ వల్ల వీరరాఘవులు గారి మాట చార్టుకెక్కింది, అక్కణ్ణించి చంద్రకళ బృందానికి చేరింది. ఆ ఫైలు నేను చూస్తానని ఆమే తీసుకుంది. ముసలాయన అంతా విడమరిచి చెప్పాడు. ఎన్నాళ్లనుంచి అడుగుతున్నాడో, డాక్టరు ఎలా భుజం తట్టి వెళ్లిపోతున్నాడో చెప్పాడు. వింటూ తలూపుతూనే ఉంది గానీ, లోపల ఆమెకి ఒకటే మాట. డాక్టరు దొరికాడు.

పరీక్షించే ఇద్దరూ వచ్చి ఒప్పుకున్నారు. నొప్పి తగ్గించే డాక్టర్లు కూడా వచ్చారు. అన్నాళ్లూ వాళ్లని కూడా ఎవరూ పిలవలేదని అప్పుడు తెలిసింది. వాళ్లు మందు మార్చాక ముసలాయన చాలా రోజుల తర్వాత లేచి కూర్చుని ఇడ్లీ అడిగి తిన్నాడు. రోజు ఖాయం చేసుకోవడానికి చంద్రకళ వెళ్తే, "ఇప్పుడొద్దమ్మాయ్," అన్నాడు. "కావాలంటే ఉందని తెలిసింది. అది చాలు నాకు."

ఆమెకి సంతోషించాల్సిన చోట ఆశాభంగం కలిగింది. ఆయన మెయిడ్‌తో వెళ్లిపోతే డాక్టరు మీద మళ్లీ పెట్టే ఫిర్యాదుకి తిరుగుండదని అప్పటికే లోపల లెక్కేసుకుని ఉంది.

"నొప్పి మళ్లీ వస్తుందండీ," అంది. "అప్పటికి ఒప్పుకునే తెలివి ఉంటుందో ఉండదో."

అన్న మాటలో అబద్ధం లేదు. ఏ నర్సయినా చెప్పాల్సిందే. కానీ ఆమె గొంతులో ఏముందో ముసలాయనకి వినపడింది. ఆయన దిండుకి ఆనుకుని ఆమెని తేరిపార చూశాడు.

"నువ్వు నాకోసం వచ్చావా అమ్మాయ్, ఇంకెవరి కోసమన్నా వచ్చావా?"

ఆమె ఫైలు మూసి బయటికొచ్చింది. పార్కింగ్‌లో కారెక్కింది గానీ తాళం తిప్పలేకపోయింది. జయదేవ్ చావుని అమరేశ్వరరావు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఇప్పుడు ఈ ముసలాయన చావు కోసం తను చెయ్యి చాచింది. ఆయన వద్దంటుంటే అడ్డం మాట్లాడింది. స్టీరింగ్ మీద తల ఆనించి, భర్త పోయాక మొదటిసారి, తన మీద అసహ్యంతో ఏడ్చింది.

మర్నాడు తన బృందం మేనేజరు దగ్గరికి వెళ్లి దాచకుండా చెప్పేసింది. ఆ ఫైలు ఇంకొకరికి ఇప్పించింది. దేవిశ్రీకి కూడా ఉన్నదున్నట్టు చెప్పింది, ఆదివారం క్లాసులో ఇది కూడా ఒక పాఠమే అంది.

పగ మాత్రం పోలేదు. ముసలాయన్ని అందులోకి లాగడం మానేసింది, అంతే. అయితే ఆయనే హోము మేనేజరుని పిలిపించుకున్నాడు. నేను చావడం వాయిదా వేసుకున్నాను గానీ, అడిగితే వినిపించుకోని డాక్టరు సంగతి వాయిదా వెయ్యను అన్నాడు. ఆయన ఫిర్యాదుకి తోడు, ఆదివారం క్లాసులకి వచ్చిన రెండు కుటుంబాల వాళ్లు తమ పెద్దల గోడు చెప్పుకున్నారు. ఈసారి అన్నీ చార్టుల్లో ఉన్నాయి. ఆయన చెప్పుకోవడానికి ఏ ఫ్యాక్సూ మిగల్లేదు.

విచారణ నడుస్తుండగా డాక్టరు గారి భార్య భ్రమరాంబ గారు ఇంటికొచ్చారు. తగ్గమ్మా, నువ్వు చెబితే ఆ కుటుంబాల వాళ్లు వెనక్కి తీసుకుంటారు, ఆయన వయసు చూడు అని బతిమాలారు. చంద్రకళ మర్యాదగా టీ పెట్టిచ్చింది.

"మా ఆయన వయసు అంతకంటే చాలా తక్కువండీ," అంది.

ఆవిడ టీ తాగకుండానే వెళ్లిపోయారు. కేర్ హోములు అమరేశ్వరరావు గారి చేతుల్లోంచి పోయాయి. సంఘం అధ్యక్షపదవి ఆయనే వదులుకున్నాడు. మెయిడ్ గురించి డాక్టర్లకి చెప్పే క్లాసులో కూర్చుని రావాలని కూడా ఉత్తర్వు పడింది. వీరరాఘవులు గారు ఆ చలికాలమంతా ఉండి, మంచు కరిగాక, మెయిడ్ జోలికి పోకుండానే కన్నుమూశారు. నొప్పి లేకుండా పోయాడని దేవిశ్రీ చెప్పింది.

ఆసుపత్రిలో డాక్టర్లకి ఆ క్లాసు చెప్పేది చంద్రకళే. ఈ ఒక్కసారికి ఇంకొకరిని పంపుదామా అని మేనేజరు అడిగింది. పేషెంటు ఫైలైతే వదిలేశాను, దీన్ని వదలను అంది చంద్రకళ. కావాలంటే ఆయన వేరే ఊళ్లో వేరే క్లాసుకి వెళ్లొచ్చు, ఆ వీలుంది అంది. ఆమె చెబుతుందని ఆయనకి తెలియదో, తెలిసే మొండికేశాడో, ఇక్కడికే వచ్చాడు. వెనక వరసలో గోడ పక్కన కూర్చున్నాడు.

చంద్రకళ చట్టం చెప్పింది, రూలు చెప్పింది. మూడుసార్లు అడిగిన ఒక పేషెంటు కథ చెప్పింది. అతని పేరు చెప్పలేదు, డాక్టరు పేరూ చెప్పలేదు. చివర్న ఒక్కొక్కరినీ ఒకే ప్రశ్న అడిగింది. మీ నమ్మకానికి సరిపడని అభ్యర్థన వస్తే మీరేం చేస్తారు? వరసగా అందరూ జవాబు చెప్పారు. ఆయన వంతు వచ్చింది.

ఆయన గొణిగినట్టు ఏదో అన్నాడు.

"ముందున్న వాళ్లకి వినపడలేదు డాక్టర్," అంది చంద్రకళ. "లేచి చెప్తారా?"

ఆయన లేచాడు. ముందున్న కుర్చీ అంచు పట్టుకున్నాడు. "నేను చెయ్యనని పేషెంటుకి చెప్తాను. ఆలస్యం చెయ్యకుండా, చేసేవాళ్లకి పంపుతాను."

"పంపానని పేషెంటుకి ఎప్పుడు చెప్తారు?"

ఆయన మొహం ఎర్రబడింది. ఆమె తొందరపెట్టలేదు, ఇంకొకరి వైపు తిరగనూ లేదు.

"పంపాక," అన్నాడు.

"థాంక్యూ డాక్టర్. కూర్చోండి."

బయట పార్కింగ్‌లో ఆయన ఆమె కోసం ఆగి ఉన్నాడు. చేతిలో కోటు, మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు. ఈసారి తెలుగులో అడిగాడు.

"ఇప్పటికైనా చల్లారిందా అమ్మా?"

చంద్రకళకి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"లేదండీ. వచ్చే నెల గ్వెల్ఫ్‌లో ఇంకో క్లాసుంది. మీ స్నేహితులెవరైనా ఉంటే పంపండి," అంది. "పంపాకే, పంపానని చెప్పండి."

ఆమె కారు తీసింది.