తోమిన తూటా డొప్పలు

సూర్యాపేటలో మా వంటింటి సింకు దగ్గర ఇత్తడి కుందుల్ని చింతపండుతో రుద్దుతుంటే లేచే పుల్లటి వాసన అందరికీ దేవుణ్ణి గుర్తు చేస్తుందేమో గానీ, నాకు మాత్రం తుపాకిని గుర్తు చేస్తుంది. ఈ మాట విని మా అత్తగారు ఒకసారి రెండు చెంపలూ వేసుకున్నారు.

మా పెద్దనాన్నది కోదాడ దగ్గర అనంతగిరి. బతుకుతెరువు వ్యవసాయం, పిచ్చి మాత్రం గురి చూసి కాల్చడం. ఆయనకు లైసెన్సున్న రైఫిలు ఉండేది, తూటాలు సొంతంగా నింపుకోవడానికి వేరే అనుమతి ఉండేది, ఏటా హైదరాబాదులో జరిగే పోటీకి వెళ్ళడం ఉండేది. దసరా సెలవులు రాగానే మేము మిర్యాలగూడలో బస్సెక్కి, మిల్లుల ఉప్పుడు బియ్యం వాసన వెనక్కిపోయి కాలువ గట్ల మీది తంగేడు పూలు కనబడేదాకా కిటికీ వదిలేవాళ్ళం కాదు. పెద్దమ్మ నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, బెల్లం కలిపిన మలీద ముద్దలు చేసిపెట్టేది. పెద్దనాన్న గడపలో కూర్చుని రైఫిలు తుడుస్తుంటే చూసి, "నా సవతికి పట్టిన అదృష్టం నాకు పట్టలే. దాని ఒళ్ళు తుడిసినట్టు నా నడుముకు ఇంత నూనె రాసినవా ఎన్నడన్న?" అని దెప్పేది.

కాల్చాక తూటాలో మిగిలే ఇత్తడి డొప్పను ఆయన పారేసేవాడు కాదు. మళ్ళీ మందు, గుండు నింపి వాడేవాడు. కంపెనీ నుంచి కొత్తగా వచ్చిన డొప్ప ఆ సైజు తుపాకి దేంట్లోనైనా పట్టేలా కాస్త వదులుగా ఉంటుందట. ఒకసారి పేలితే ఆ వేడికీ ఒత్తిడికీ ఉబ్బి, తాను కూర్చున్న తుపాకి లోపలి ఆకారానికి సరిగ్గా తయారవుతుందట. "కొత్తది బజార్ల కొన్న అంగి. కాలింది కొలతిచ్చి కుట్టిచ్చుకున్న అంగి" అనేవాడు. అందుకే పోటీకి కాలిన డొప్పలే వాడేవాడు. కొత్తవి ఒక డబ్బాలో, కాలినవి ఒక డబ్బాలో, రెండూ బీరువాలో. కాలినవాటి మూతి దగ్గర నల్లటి మసి ఉండేది. గుర్తు అదే.

ఒక ఏడు దసరాకు ముందు రోజు పెద్దమ్మ పండక్కి ఇంట్లో ఇత్తడంతా తోమింది. బతుకమ్మ పళ్ళెం, బిందెలు, కుందులు అన్నీ అయ్యాక, ఆయుధ పూజలో తుపాకి పక్కన పెట్టేవి మసితో ఉంటే ఏం బాగుంటుందని రెండు డబ్బాలూ చింతపండు నీళ్ళ బేసిన్‌లో కుమ్మరించింది. పెద్దనాన్న పొలం నుంచి వచ్చేసరికి వాకిట్లో చేటనిండా డొప్పలు ఎండకు మెరుస్తున్నాయి. ఏది కొత్తదో, ఏది కాలిందో చెప్పడానికి మసి మరక ఒక్కటీ మిగల్లేదు.

ఆయన చేట ముందు చతికిలబడ్డాడు. వయసు మీద పడుతోంది, ఇదే ఆఖరి పోటీ అని ఆ ఏడు ముందే చెప్పి ఉన్నాడు. పెద్దమ్మ మొహం చూస్తే నాకే ఏడుపొచ్చింది. మా నాన్న సర్దిచెప్పబోయాడు.

"అన్నా, ఇంకో డబ్బా కొత్తయి కొనుక్కపో. ఏమైతది?"

"కొత్తదానికి నా తుపాకి ఎరుకలేదురా" అన్నాడు పెద్దనాన్న.

ఇక మిగిలింది ఒకటే దారి. ఒక్కో ఖాళీ డొప్పను రైఫిల్లో పెట్టి, వెనక గడియలా ఉండే బోల్టు మూయాలి. కొత్తదైతే ఊరికే మూసుకుంటుంది, కాలినదైతే చివర్లో చిన్న బిగువు చేతికి తెలుస్తుంది. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మొదలుపెట్టాడు. ఒకదాన్ని మూసి, తెరిచి, మళ్ళీ మూసి కుడివైపు పెట్టాడు. కాసేపటికి దాన్నే తీసి ఎడమవైపు పెట్టాడు. మళ్ళీ కుడికి. గచ్చకాయలాడుతున్న నేను కూడా ఆట ఆపి చూశాను. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది.

"ఏమయ్యా, ఏమైంది?"

ఆయన చేతిలోని డొప్పను చేటలో పెట్టేశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "షుగరొచ్చినకాడి నుంచి చేతి ఏళ్ళకు స్పర్శ లేదే. తెలుస్తలేదు."

ఆ సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు. పెద్దమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని వచ్చి, ఎన్నడూ ముట్టని ఆ సవతి పక్కన కూర్చుంది. ఆయన డొప్ప పెట్టేవాడు, ఆమె బోల్టు మూసేది. "వదులు" అనేది, "బిగువు" అనేది. ఆమె మాటను బట్టి ఆయన కుడికో ఎడమకో పెట్టేవాడు. పొద్దు వాలే వేళకు చేట ఖాళీ అయింది. బిగువుగా ఉన్నవాటిని ఆయన లెక్కపెట్టాడు. తన కాలిన డొప్పలు ఎన్నో ఆయనకు తెలుసు, ఆ లెక్క సరిపోయింది. ఆమె వైపు చూసిన ఆ చూపులో మెచ్చుకోలూ ఉంది, తన చేతి గురించి భయమూ ఉంది. నాకది ఇప్పుడు అర్థమవుతోంది.

పోటీ నుంచి మెడల్ లేకుండా వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, నీళ్ళ చెంబు ఆమె చేతికిస్తూ, "నువ్వు ఏరినయి ఒక్కటి గూడ తప్పు కాలే. తప్పంత నా ఏలుదే" అన్నాడు. ఆమె అన్నం వడ్డించింది. ఆ తర్వాత ఆయన కాల్చలేదు. రైఫిలును తుడవడం మాత్రం మానలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో అన్నీ స్టీలు గిన్నెలే. బతుకమ్మను కూడా స్టీలు పళ్ళెంలోనే పేరుస్తున్నారు. పెద్దనాన్న పోయాడు. లైసెన్సు రద్దు చేయించి రైఫిలు అప్పగించే రోజున పెద్దమ్మకు తోడుగా నేనే స్టేషనుకు వెళ్ళాను. డొప్పల డబ్బాలు కూడా బల్ల మీద పెట్టింది. గుర్తుగా ఒక్కటి ఉంచుకోనిస్తారేమో అడుగుదామా అన్నాను.

పెద్దమ్మ డబ్బా మూత నొక్కి పెట్టింది.

"వద్దు బిడ్డా. తుపాకి పోయినంక అవి ఎవలకు సరిపోతయ్?"